మంచం ప్రక్కన ధర్మం
మన డెల్టాలో రోగి పరిచర్య నేర్చుకున్న పాఠాలు

శతవార్షికోత్సవ సంచిక చేతికి రాగానే మనం సాధారణంగా కట్టడాల చరిత్ర చదువుతాం. ఏ గుడికి ఎవరు పునాదిరాయి వేశారు, ఏ బడి ఏ సంవత్సరంలో తాటాకు పాక నుండి పెంకుటింటికి మారింది, ఎవరి కాలంలో గంట గోపురం లేచింది – ఇవన్నీ వ్రాసి ఉంచవలసిన సంగతులే. అయితే రాతితోను సున్నంతోను కట్టని పని ఒకటి ఈ నూరేళ్ళ పైచిలుకు కాలంలో మన ప్రాంతంలో జరిగింది. అది రోగి మంచం ప్రక్కన జరిగింది. దానికి శిలాఫలకం లేదు. రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాలలో దాని మేలు పొందని కుటుంబం బహుశా ఉండదు. ఆ పని ఏ నియమాల మీద నిలిచింది, ఆ నియమాలు ఎలా ఏర్పడ్డాయి, నేడు ఏ స్థితిలో ఉన్నాయి అని పాఠకులతో కలసి ఆలోచించటానికే మేము ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మొదట ఒక మాట చెప్పుకోవాలి. రోగి పడుకొని ఉంటాడు, పరిచర్య చేసేవారు నిలబడి ఉంటారు. ఒకరికి బలం ఉంది, మరొకరికి లేదు. ఒకరికి జబ్బు సంగతి తెలుసు, మరొకరికి తెలియదు. బట్టలు విప్పవలసినవాడు, నొప్పికి ఏడ్చేవాడు, మలమూత్రాలకు కూడా ఒకరిమీద ఆధారపడినవాడు ఆ నిలబడినవారి చేతిలో ఉన్నాడు. చేతిలో ఉన్నాడు కాని, సొత్తు కాడు. నర్సింగు ధర్మశాస్త్రం ఎన్ని అధ్యాయాలుగా వ్రాసినా ఈ ఒక్క వాక్యంలోనే ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం. మన డెల్టా ఈ వాక్యాన్ని ఒక్కసారిగా నేర్చుకోలేదు. మెట్టు మెట్టుగా, కొన్నిచోట్ల ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్నది.

మంత్రసాని చేయి

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట పూర్తయి, పడమటి డెల్టాకు నీరు వచ్చింది. కాలువలు వచ్చాయి, పడవలు వచ్చాయి, మాగాణి పెరిగింది. ఆ కాలువ నీరే త్రాగునీరు గనుక కలరా వంటి జాడ్యం ఒక ఊరిలో పుడితే క్రింది ఊళ్ళు గడగడలాడేవి. జబ్బుపడినవారికి ఉపచారం ఇంటి ఆడవారి పని. నాటువైద్యులు, మూలికలు ఎరిగిన పెద్దలు ఉండేవారు. కాని జీతానికి గాని, వ్రతంగా గాని రోగి దగ్గర కూర్చుండే వృత్తి ఒకటి మన ఊళ్ళలో లేదు. మంత్రసాని ఒక్కతే అందుకు మినహాయింపు.

ఆమె చేతి చలవతో భూమి మీద పడినవారు లెక్కకు మించి ఉన్నారు. అయినా బిడ్డను అందుకున్న ఆ చేతినే తరువాత మైల అన్నారు. పురిటి నెత్తురు తుడిచిన మనిషికి అంత బియ్యం, ఒక పాత చీర ఇచ్చి వాకిట్లో నుంచే పంపించేవారు. సేవ చేసే చేయి కావాలి, ఆ చేతి నీళ్ళు మాత్రం పనికిరావు – ఇది ఆనాటి కట్టడి. తరువాత కాలంలో నర్సమ్మ వచ్చినప్పుడు ఈ కట్టడి ఆమెకు కూడా వారసత్వంగా వచ్చింది. ఈ విషయం మరచిపోతే తరువాతి చరిత్ర మనకు అర్థం కాదు.

గుంటూరు దారి

1842లో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చారు. 1845లో అమెరికా తిరిగి వెళ్ళి, యాభై ఏళ్ళు దాటిన వయస్సులో బాల్టిమోరులో వైద్యం చదువుకొని, 1848లో మరల మన దేశానికి వచ్చి పల్నాడు దాకా వెళ్ళారు. బోధకుడైనవాడు వైద్యం కూడా నేర్చుకొని రావాలని ఆయనకు తోచటమే మన ప్రాంతపు వైద్య పరిచర్య చరిత్రలో తొలి అడుగు.

తరువాత 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు వచ్చారు. ఆమె 1879లో పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టం పొందినవారు. అయినా మొదట ఆమెను పంపినది డాక్టరుగా కాదు. బాలికల బడులకు, గోషా స్త్రీల ఇళ్ళలో బోధకు పంపారు. వైద్య మిషనరీగా ఆమెను నియమించింది 1885 చివరలో. ఈ లోపల రోగులు ఆగలేదు, ఆమె కూడా నియామకపత్రం కోసం ఆగలేదు. ఎదుట జబ్బు మనిషి ఉండగా నా ఉద్యోగం అది కాదు అనటానికి ఆమెకు నోరు రాలేదు. 1890ల చివరినాటికి స్త్రీలకు, పిల్లలకు గుంటూరులో ఆసుపత్రి నిలబడింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచిపోయింది.

రేపల్లె నుంచి గుంటూరుకు సుమారు 60 కిలోమీటర్లు. 1916లో రైలు రేపల్లె దాకా రాకముందు అడ్డం తిరిగిన కాన్పును ఎడ్లబండి మీదనో, కాలువ పడవలోనో తీసుకుపోవాలి. అంత దూరం వెళ్ళిన కుటుంబానికి ఆసుపత్రి గడప దగ్గర కులం అడ్డు తగిలేది. పరాయి చేతి నీళ్ళు కలిసిన మందు త్రాగమనటం, పొడిమందు మాత్రం పుచ్చుకోవటం ఆ కాలంలో దక్షిణదేశపు మిషను ఆసుపత్రులన్నిటా ఉన్న అనుభవమే. వంట సంగతి సరేసరి. ఈ చిక్కును తీర్చటానికి ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రెగడ భుజంగరావు గారు తన ఇంట జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. హిందూ రోగుల బంధువులు తమ ఆచారం ప్రకారం వండుకొని, రోగికి తెచ్చి పెట్టుకొనే వీలు కలిగింది.

ఈ సత్రం గురించి పాఠకులు ఒక క్షణం ఆగి ఆలోచించాలి. అది కుల నియమాన్ని మార్చలేదు. ఆ నియమం కారణంగా రోగి మందు లేకుండా తిరిగిపోకుండా మాత్రం కాపాడింది. ముందు నీ ఆచారం వదులు, తరువాత నీ ప్రాణం కాపాడతాం అని ఆసుపత్రి అనలేదు. రోగి తన నమ్మకాలతో సహా వస్తాడు, ఆ మూటను బయట పెట్టించి లోపలికి రానివ్వటం పరిచర్య కాదు. ఇది మనం నేర్చుకున్న మొదటి పాఠం.

కాని ఈ మర్యాద ఖర్చు ఎవరు భరించారు? ఆ వార్డులలో పనిచేసిన ఆడపిల్లలు భరించారు. నర్సు పనికి పై కులాల ఇళ్ళు తమ పిల్లలను పంపని రోజులవి. మిషను బడులలో చదువుకున్న దళిత పేటల పిల్లలు, వితంతువులు, దిక్కులేనివారు తెల్లచీర కట్టి ఆ పనికి వచ్చారు. రోగి ప్రాణం నిలబెట్టటానికి వారి చేయి కావాలి. ఆ రోగి కోలుకొని ఇంటికి వెళ్ళాక అదే నర్సమ్మ ఆ వీధిలోకి వస్తే గడప అవతలే నిలబడాలి. ఈ అవమానాన్ని మింగి, మరునాడు అదే ఓర్పుతో అదే కులపు మరొక రోగికి ఒళ్ళు తుడిచినవారే మన నర్సింగు ధర్మానికి మొదటి ఉపాధ్యాయులు. వారిలో చాలామంది పేర్లు ఏ సంచికలోను లేవు. కులం చచ్చిపోయిందనుకోవటానికి కూడా మనకు వీలులేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మన పొరుగుననే జరిగాయి. గాయపడినవారికి కట్టు కట్టిన చేతులలో ఆ పేటల బిడ్డల చేతులు కూడా ఉన్నవని గుర్తుంచుకుందాం.

నియమం కన్న రోగి ముందు

గుంటూరులోనే మరొక మహాతల్లి చరిత్ర ఉంది. 1904లో జె.ఎం.జె. సిస్టర్లు హాలండు నుంచి గుంటూరు వచ్చారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ గారు వచ్చి వారిలో చేరారు. ఆమె మెల్‌బోర్న్‌లో 1910లో వైద్యపట్టం, 1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్ర విభాగాలలో పై పట్టం పొందినవారు. వైద్యవృత్తిలో మంచి స్థానం ఉండగా ఒక చిన్న పుస్తకం చదివి మనసు మార్చుకున్నారు. భారతదేశంలో మగ డాక్టరు ముందుకు రాలేని స్త్రీలు వైద్యం లేక చనిపోతున్నారని, వారికి స్త్రీ వైద్యులు కావాలని పాటుపడిన స్కాట్లండు డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గారి జీవితచరిత్ర అది.

ఆ రోజులలో ఒక చిక్కు ఉండేది. సన్యాసినులు వైద్యం చేయరాదు, ముఖ్యంగా కాన్పులు చేయరాదు అని కాథలిక్ సంఘంలో నియమం ఉండేది. గ్లౌరీ గారు రోము నుంచి ప్రత్యేక అనుమతి పొంది పనిచేశారు. ఆ నిషేధం అందరికీ తొలగిపోయింది 1936లో. అంటే పదహారేళ్ళపాటు మినహాయింపుగా నడచిన పని తరువాత రివాజుగా మారింది. వ్రతశుద్ధిని కాపాడటానికి సదుద్దేశంతో పెట్టిన నియమమే పురిటినొప్పులు పడే తల్లికి అడ్డుగోడ అయింది. ఆ గోడను దించవలసివచ్చినప్పుడు దించటం సంఘానికి చిన్నతనం కాలేదు, గౌరవమే అయింది. నియమాలు రోగి కోసం ఉన్నవి, రోగి నియమాల కోసం లేడు. ఇది రెండవ పాఠం.

గ్లౌరీ గారు స్థానిక బాలికలకు మందులు కలపటం, పురుడు పోయటం, ఉపచారం చేయటం నేర్పారు. చిన్న డిస్పెన్సరీ సెంట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. నేర్పు ఒక్కటే చాలదు, నేర్పుతోపాటు నీతి కూడా నేర్పే వైద్య విద్యాలయం కావాలని ఆమె కోరిక. 1943లో ఆమె చొరవతో కాథలిక్ ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. ఆమె 1957లో బెంగుళూరులో మరణించారు. ఆమె కలగన్న వైద్య కళాశాల 1963లో సెంట్ జాన్స్ పేరుతో అదే బెంగుళూరులో ఆరంభమైంది. 2013లో గుంటూరులో ఆమెను దేవుని సేవకురాలిగా ప్రకటించారు.

తాకటం అనే మందు

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారి కుష్ఠు ఆసుపత్రిని ఎరుగనివారు మన ప్రాంతంలో అరుదు. నైజాములోని డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ గారు ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి కూడా ఇదే కోవలోనిది. ఆ రోజులలో ఈ జబ్బుకు సరైన మందు లేదు. 1940లలో డాప్సోను, 1980లలో అనేక మందుల చికిత్స వచ్చిన తరువాతనే అది పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది. మరి మందు లేని కాలంలో అక్కడి నర్సులు ఏమి చేశారు? పుండు కడిగారు, కట్టు కట్టారు, స్పర్శ తెలియని కాళ్ళు కాలకుండా, గీసుకుపోకుండా జాగ్రత్తలు నేర్పారు. అన్నిటికంటె ముఖ్యంగా, ఎవరూ తాకని మనిషిని తాకారు.

చట్టం కూడా ఇంత త్వరగా మారలేదు. కుష్ఠురోగులను వేరుచేసి బంధించటానికి వీలిచ్చిన 1898 నాటి చట్టం మన పుస్తకాలనుంచి తొలగింది 2016లో. కుష్ఠును విడాకులకు కారణంగా చెప్పే వీలు తీసివేసింది 2019లో. చేతులు చేసిన పనిని చట్టం అందుకోవటానికి నూరేళ్ళకు పైగా పట్టింది. నయం చేయలేని చోట కూడా పరిచర్య ఆగదు – ఇది మూడవ పాఠం.

మనల్ని మనం అడగవలసిన ప్రశ్న

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న దాటవేయకుండా అడుగుకోవాలి. మిషను ఆసుపత్రులు వైద్యం కోసమే రాలేదు, సువార్త కోసం కూడా వచ్చాయి. ఆ మిషనరీలు ఈ సంగతి దాచలేదు. వార్డులో ప్రార్థన జరిగేది, బైబిలు స్త్రీలు మంచాల మధ్య తిరిగేవారు. నొప్పితో ఉన్నవాడు, అప్పుపడినవాడు, చావుకు భయపడుతున్నవాడు ఇచ్చే సమ్మతి నిజమైన సమ్మతేనా అని ఆ రోజులలోనే విమర్శ వచ్చింది. ఆ విమర్శను శత్రువుల మాటగా త్రోసివేయటం మనకు తగదు.

మంచి సమరయుని కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడా వచ్చు. దారిలో పడి ఉన్నవాని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ళవానికి రెండు దేనారాలిచ్చి ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ఆ కథలో అతడు గాయపడినవాని పేరు అడగలేదు, జాతి అడగలేదు, నాతో నా కొండ మీదికి వచ్చి ఆరాధించు అని అడగలేదు. పరిచర్యకు ప్రతిఫలం కోరనప్పుడే అది పరిచర్య. కోరితే ఎర అవుతుంది. రోగి తానై ప్రార్థన చేయమంటే చేయాలి, తన దేవుని పటం తలగడ దగ్గర పెట్టుకుంటానంటే దుమ్ము తుడిచి పెట్టాలి. మన విశ్వాసానికి దీనివల్ల నష్టం లేదని, గౌరవమే కలుగుతుందని మేము నమ్ముతున్నాము.

వ్రాతలోకి వచ్చిన నియమాలు

ఇంతవరకు చెప్పినవి చేతుల ద్వారా వచ్చిన పాఠాలు. ఇవి గ్రంథాలలోకి ఎలా వచ్చాయో కూడ క్లుప్తంగా చూద్దాం. ఫ్లారెన్స్ నైటింగేల్ గారు 1859లో ఉపచారం మీద పుస్తకం వ్రాశారు. ఆసుపత్రికి మొట్టమొదటి బాధ్యత రోగికి హాని చేయకపోవటమని ఆమె గట్టిగా చెప్పారు. 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలయింది. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో నర్సుల ప్రమాణం తయారయింది. నేడు మన నర్సింగు స్కూళ్ళలో దీపాలు వెలిగించి పలికే ప్రమాణానికి మూలం అదే. 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషను చట్టం, 1947లో భారత నర్సింగు మండలి చట్టం వచ్చాయి. దాని స్థానంలో 2023లో కొత్త జాతీయ కమిషను చట్టం వచ్చింది.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో నీతి నియమావళి ప్రకటించింది. తొలి రోజులలో నర్సుకు డాక్టరు మాట వినటమే పెద్ద ధర్మంగా ఉండేది. 1973లో ఆ నియమావళిని సవరించినప్పుడు నర్సు మొదటి బాధ్యత ఉపచారం అవసరమైన మనుషుల పట్లనే అని స్పష్టం చేశారు. ఇది చిన్న మార్పు కాదు. డాక్టరు వ్రాసిన మోతాదు తప్పనిపిస్తే అయ్యా, ఒకసారి చూడండి అని అడిగే హక్కు, అడగవలసిన బాధ్యత నర్సుకు కలిగాయి.

ఈ నియమాలను మన ఇళ్ళ భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

ఒకటి, హాని చేయకుండటం. చేతులు కడుక్కోవటం, ఒకరి సూది మరొకరికి వాడకపోవటం, మంచానపడినవారిని రెండేసి గంటలకు ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు తిప్పి వీపున పుండ్లు పడకుండా చూడటం – ఇవి చిన్న పనులుగా కనబడతాయి, ప్రాణాలు వీటి మీదనే నిలుస్తాయి.

రెండు, సమ్మతి. మన ఇళ్ళలో సంతకం భర్తదో, అత్తగారిదో, కొడుకుదో అవుతుంది, కడుపు మాత్రం కోడలిది. ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్ష కోసమని మత్తులో ఉండగా తల్లి సమ్మతి తీసుకొని గర్భసంచి తొలగించారు. ఆ వ్యాజ్యంలో 2008లో సుప్రీంకోర్టు, తెలివితో ఉండి నిర్ణయం చేయగల పెద్దమనిషికి బదులుగా కన్నతల్లి సమ్మతి కూడా చెల్లదని చెప్పింది. 1975–77 అత్యవసర పరిస్థితిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగిన దేశం మనది. సమ్మతి అంటే వ్రేలిముద్ర కాదు, అర్థమయ్యేటట్లు చెప్పి అడగటం అని మనకు అందరికంటె బాగా తెలియాలి.

మూడు, గుట్టు. 1986లో మద్రాసులో మన దేశపు మొదటి హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. తరువాతి ఇరవై ఏళ్ళలో ఆంధ్రదేశం ఎంత దెబ్బతిన్నదో మన కోస్తా ఊళ్ళకు తెలుసు. ఆ రోజులలో రక్తపరీక్ష కాగితం ఆసుపత్రి వరండా దాటితే చాలు, ఆ ఇంటి ఆడబిడ్డ సంబంధం తప్పిపోయేది, పిల్లవానిని బడిలో వేరే కూర్చోబెట్టేవారు. జబ్బు కన్న ముందు మాట చంపేది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న చట్టం, సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయటాన్ని, ఆ సంగతి బయటపెట్టటాన్ని నిషేధించింది. ఈ విషయంలో నర్సులనే కాదు, మనల్ని కూడా ప్రశ్నించుకోవాలి. ప్రార్థన విన్నపం పేరుతో ఫలానా వారికి ఫలానా జబ్బు అని గుడిలో అందరి ముందు ప్రకటించేముందు ఆ మనిషిని అడిగామా?

నాలుగు, నిజం. కేన్సరు అని తెలిసినా రోగికి చెప్పవద్దని ఇంటివారు బ్రతిమాలుతారు. ప్రేమతోనే బ్రతిమాలుతారు. కాని ఆ మనిషికి అప్పు తీర్చవలసి ఉండవచ్చు, తమ్మునితో మాట కలపవలసి ఉండవచ్చు, ఒక కూతురిని కడసారి చూడవలసి ఉండవచ్చు. అబద్ధంతో అతని చివరి రోజులను అతని దగ్గరనుంచి మనం తీసుకుంటున్నాము. ఎప్పుడు, ఎంత, ఎలా చెప్పాలన్నది నేర్పు. అడిగినప్పుడు అబద్ధం చెప్పకుండటం ధర్మం.

ఐదు, సమన్యాయం. పుట్టింది మగబిడ్డ అయితే ఇంత, ఆడబిడ్డ అయితే ఇంత అని వార్డు తలుపు దగ్గర చేతులు చాపే దురాచారం ఎన్ని ఆసుపత్రులలో ఉన్నదో పాఠకులు ఎరుగుదురు. అది బిడ్డను చూపించటానికి తీసుకొనే సుంకం. ఇచ్చేవారు సంతోషంతో ఇస్తున్నామనుకుంటారు, ఇవ్వలేనివారి బిడ్డ ఆలస్యంగా తల్లి ఒడి చేరుతుంది.

తుఫాను పెట్టిన పరీక్ష

1977 నవంబరు 19 మన తీరం మరువగల తేదీ కాదు. ఆనాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది, రేపల్లె, బాపట్ల తీర గ్రామాలను కూడా దెబ్బతీసింది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. అటువంటి వేళ పదిమంది గాయపడినవారికి ఒకే నర్సు ఉంటే మొదట ఎవరి దగ్గరికి వెళ్ళాలి? గట్టిగా అరుస్తున్నవాని దగ్గరికా, పలుకుబడి ఉన్నవాని దగ్గరికా, మన సంఘం వాని దగ్గరికా? ఎవరికి ఆలస్యమైతే ప్రాణం పోతుందో వారి దగ్గరికి అని నర్సింగు ధర్మం చెబుతుంది. అరవటానికి శక్తి లేనివాడే తరచు ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. సహాయం పంచే సంఘాలన్నిటికీ ఇదే కొలత వర్తిస్తుంది. మన జాబితాలో మొదట మన పేర్లే వ్రాసుకుంటే అది పరిచర్య కాదు, పంపకం.

పరిచర్య చేసేవారికి ఎవరు పరిచర్య చేస్తారు?

1946లో భోర్ కమిటీ లెక్కవేసినప్పుడు మన దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉండేది. అప్పటినుంచి సంఖ్య ఎంతో పెరిగింది, మన డెల్టా బిడ్డలు గల్ఫు దేశాలలోను, ఇంగ్లండు, అమెరికాలలోను పనిచేస్తున్నారు. అయినా మన చిన్న నర్సింగు హోములలో ఒక రాత్రి డ్యూటీకి ఎంతమంది రోగులకు ఒక్క అమ్మాయి ఉంటున్నదో, ఆమెకు నెలకు ఏమి ముడుతున్నదో మనం ఎప్పుడైనా అడిగామా? నిద్రలేని చేతి నుంచి పొరపాటు లేని సేవ కోరటం కూడా అన్యాయమే.

1973లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద, పనిచేసే చోటనే ఘోరమైన దాడి జరిగింది. ఆమె స్పృహలోకి పూర్తిగా రాలేదు. 2015లో చనిపోయేవరకు, సుమారు 42 ఏళ్ళు, అదే ఆసుపత్రి నర్సులు తరం తరువాత తరం ఆమెకు ఒళ్ళు తుడిచి, ఆహారం పెట్టి చూసుకున్నారు. ఆమె ప్రాణం గురించి 2011లో సుప్రీంకోర్టులో వాదన జరిగినప్పుడు ఆ నర్సుల అభిప్రాయానికి న్యాయస్థానం ఎంతో విలువనిచ్చింది. ఆ సేవను తలచుకుంటే మనసు కరుగుతుంది. నర్సుకు రక్షణ లేకపోవటం వల్లనే ఆ సేవ అవసరమైందని తలచుకుంటే తల వంగుతుంది. రెండూ నిజమే.

ఈ నూరేళ్ళ పండుగలో మనం చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి సంఘంలోను వయసు మళ్ళిన నర్సులు, కాంపౌండర్లు, ఆయాలు, మంత్రసానులు ఉన్నారు. వారి పేర్లు, పనిచేసిన ఊళ్ళు, సంవత్సరాలు వారు బ్రతికి ఉండగానే ఒక పుస్తకంలో వ్రాయించాలి. మే 12న వచ్చే నర్సుల దినాన శాలువాతో సరిపెట్టక, యువ నర్సుల జీతభత్యాలు, రాత్రి ప్రయాణపు భద్రత గురించి యాజమాన్యాలతో మాట్లాడటానికి సంఘ పెద్దలు నడుం కట్టాలి. ఆసుపత్రికి రోగిని చూడబోయే మనం గుంపుగా వెళ్ళి మంచం చుట్టూ మూగకుండా, చెప్పులు బయట విడిచి, మాట తగ్గించి, జబ్బు పేరు మోసుకొని బయటికి రాకుండా ఉండాలి. మన ఇంట మంచానపడిన ముసలివారిని రెండు గంటలకొకసారి తిప్పే పని కోడలికే వదలక కొడుకులు కూడా నేర్చుకోవాలి.

గుడి గోడకు నూరేళ్ళకొకసారి సున్నం వేస్తే చాలునేమో. మంచం ప్రక్కన ధర్మాన్ని మాత్రం ప్రతి రాత్రి డ్యూటీలోను, ప్రతి ఇంటిలోను కొత్తగా నిలబెట్టుకోవలసిందే.